నాలుగో వంతు కారుతో పంజాగుట్టకి

చెప్పుకోదగ్గంత దూరమేం కాదు. విజయవాడలో మధ్యాహ్నం రైలెక్కితే దీపాలు పెట్టే వేళకి సికింద్రాబాదులో దిగొచ్చు. కాకపోతే ఈసారి నా చేతిలో రేసు కారుంది. అసలు కారు కాదు, దానికి నాలుగో వంతు. చెక్కతో నేనే చేశాను. డెబ్బై రెండు సెంటీమీటర్ల పొడుగు, ప్లైవుడ్ పెట్టెలో పాత దుప్పట్లు చుట్టి పడుకోబెట్టాను. ఇలాంటి సామాను పట్టుకుని ఆ దారిన వెళ్ళేవాళ్ళు ఎందరుంటారో నాకు తెలియదుగానీ, ఒక్కడున్నా వాడికి పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. పేరు వెంకటరత్నం. ఆటోనగర్‌లో ఒక ఫౌండ్రీలో ముప్పై ఒక్కేళ్ళు ప్యాటర్న్ మేకర్‌ని. కరిగిన ఇనుము పోసి ఏ వస్తువు చేయాలన్నా ముందు అదే ఆకారం చెక్కతో చేయాలి. ఆ చెక్కని ఇసుకలో అదిమి తీస్తే గుంట పడుతుంది, ఆ గుంటలో ఇనుము పోస్తారు. ఆ చెక్క పని నాది. పంపు బాడీలు, గేరు పెట్టెలు, వాల్వులు, ఒకటేమిటి! రెండేళ్ళ కిందట ఫౌండ్రీ మూతపడింది. నాతో కలిసి పనిచేసిన నలుగురూ తలో దిక్కుకి పోయారు. వాళ్ళలో ఒకాయన ఇప్పుడు చీరల కొట్లో కౌంటరు దగ్గర కూర్చుంటున్నాడు, నన్ను చూస్తే మొహం తిప్పుకుంటాడు. నేను ఇంటి వెనక రేకుల షెడ్డులో బల్ల వేసుకున్నాను. రోజూ ఎనిమిదింటికి వెళ్ళి కూర్చోవడం, ఐదింటికి తాళం వేయడం. మధ్యలో ఏం చేసేవాణ్ణని మాత్రం అడక్కండి. నా భార్య పోయి నాలుగేళ్ళయింది కాబట్టి ఇంట్లో అడిగేవాళ్ళూ లేరు.

అలాంటి రోజుల్లో హారిక ఫోన్ చేసింది. ఇంజినీరింగు చదివేటప్పుడు మా ఫౌండ్రీకి నెల రోజులు ట్రైనింగుకి వచ్చిన పిల్ల. మిగతావాళ్ళు సర్టిఫికెట్ కోసం వస్తే ఈ పిల్ల నా పక్కన స్టూలేసుకుని కూర్చుని ప్రశ్నలతో ప్రాణం తీసేది. ఇప్పుడు పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో ఇంజినీరు. వాళ్ళ దగ్గర విండ్ టన్నెల్ ఉంది. పెద్ద చెక్క సొరంగం అనుకోండి. ఒక చివర ఫ్యాను ఉంటుంది. మధ్యలో వస్తువుని నిలబెట్టి గాలి తోలితే, ఆ గాలి దాన్ని ఎంత వెనక్కి నెడుతోందో, ఎంత కిందకి నొక్కుతోందో కొలవొచ్చు.

"రత్నం అంకుల్, ఒక కాలేజీ టీమ్ రేసు కారు కట్టుకుంటోంది. దానికి నాలుగో వంతు మోడల్ కావాలి, కారుని నేలకి నొక్కి ఉంచే వెనక రెక్క పాతదొకటి, కొత్తదొకటి. మావాళ్ళు మిషన్ మీద చేయిద్దామంటున్నారు. చెక్కతో చేసే మనిషి నాకు తెలుసని నేను పట్టుబట్టాను. ఇది బాగా వస్తే ఏడాది పొడుగునా మీకే ఇప్పిస్తాను" అంది.

ఏడాది పొడుగునా! ఆ ఒక్క మాట పట్టుకుని రెండు నెలలు చేశాను. బొమ్మ పాసైతే నాకు మళ్ళీ పని ఉంటుంది, కాకపోతే అదే షెడ్డు, అదే తాళం. దాచుకోవడానికేముంది, ఆ ఆశతోనే బయల్దేరాను.

ఆదివారం మధ్యాహ్నం పన్నెండు యాభైకి రైలు. పెట్టె సీటు కిందకి పట్టలేదు, కాళ్ళ మధ్య నిలబెట్టుకున్నాను. ఎదుట సీట్లో పసిదాన్ని ఒళ్ళో పెట్టుకున్న ఒకావిడ ఖమ్మం దాకా పెట్టెనే చూసి చూసి, ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"కుక్కపిల్లాండీ బాబాయ్ గారూ? లోపల గాలాడుతుందా?"

"గాలి కోసమేనమ్మా తీసుకెళ్తున్నాను" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. నాకు మాత్రం నా జోకు నాకే భలే నచ్చి, వరంగల్ దాకా లోలోపల నవ్వుకున్నాను. పక్కన మనిషి ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం. మూడున్నరకి టీ, నాలుగింటికి ఇంకో టీ తాగాను. రెండూ ఒకేలా చప్పగా ఉన్నాయి.

ఆరు నలభైకి సికింద్రాబాదు. ఇక్కడ నాలాంటివాళ్ళకి ఒక మాట. పెద్ద పెట్టె ఉంటే మెట్రో వైపు పోనేవద్దు. నేను పెట్టె మోసుకుంటూ మెట్లన్నీ ఎక్కాక తనిఖీ దగ్గర కుర్రాడు ఆపేశాడు.

"పెద్దాయనా, గీ సైజు నడ్వదు. ఏమున్నది గిండ్ల?"

"కారు."

"గీ డబ్బాల కారా?" అని పక్కవాడిని పిలిచి చూపించాడు. ఇద్దరూ ముచ్చటపడ్డారుగానీ లోపలికి పోనివ్వలేదు. ఎక్కిన మెట్లన్నీ దిగి ఆటో మాట్లాడుకున్నాను. ప్యారడైజ్, బేగంపేట మీదుగా అమీర్‌పేట చేరేసరికి ఏడున్నర దాటింది. గతుకు వచ్చినప్పుడల్లా పెట్టెని ఒళ్ళోకి ఎత్తుకున్నాను. ఆటో అతను అద్దంలో చూసి, "అంత భద్రం దేనికన్నా, దేవుని బొమ్మనా?" అన్నాడు. ఇంచుమించు అదేనని చెప్పాను.

లాడ్జి రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు. గది శుభ్రంగానే ఉంది. కిటికీ తీస్తే ఎదురుగా గోడ, ఆ గోడ నిండా కంప్యూటరు కోర్సుల బోర్డులు. పెట్టెని మంచం మీద పెట్టి కిందకి దిగాను. అమీర్‌పేట వీధుల్లో ఆదివారం సాయంత్రం కూడా నిలబడ్డానికి చోటు లేదు. అందరూ ఇరవై, ఇరవై అయిదేళ్ళవాళ్ళే. అందరి చెవుల్లోనూ ఏవో బిళ్ళలు. అంత జనంలో ఒక్కరి భుజం కూడా నాకు తగలకుండా పక్కకి తప్పుకుపోతున్నారు. మర్యాద కావచ్చు. నాకు మాత్రం నేను అక్కడ లేనట్టే అనిపించింది.

ఒక ఆంధ్రా మెస్సులో భోజనం. పప్పు, దొండకాయ వేపుడు, చారు. పప్పు బాగుంది. నా ఎదురుగా కూర్చున్న అబ్బాయి ఫోన్లో ఏదో పాఠం చూస్తూ తింటున్నాడు.

"ఏ ఊరు బాబూ?" అన్నాను.

అతను ఒక చెవిలో బిళ్ళ తీసి, "ఆఁ, ఏంటండీ?" అన్నాడు.

"ఏం లేదులే, తిను" అన్నాను. బిళ్ళ మళ్ళీ చెవిలో పెట్టుకున్నాడు. రేపు నేనేం చేయబోతున్నానో ఎవరికైనా చెప్పుకోవాలని నోరు దురదపెడుతోంది. మా ఆవిడ ఉంటే ఫోన్‌లో విసుక్కుంటూనైనా వినేది. గదికి వచ్చి తొమ్మిదింటికల్లా దుప్పటి ముసుగు పెట్టాను.

సోమవారం ఏడింటికి బండి మీద ఇడ్లీ. ఎనిమిదిన్నరకి పెట్టెతో ఆటో ఎక్కాను. పంజాగుట్ట అక్కడికి కూతవేటు దూరమేగానీ, ఫ్లైఓవర్ కిందే ఇరవై నిమిషాలు నిలబెట్టేశారు. ఆస్పత్రుల వెనక సందులో పాత గోడౌన్, దానికి బోర్డు కూడా లేదు. షట్టరు సగం లేపి ఉంది. లోపలికి వంగి చూస్తే యాభై ఏళ్ళ మనిషి స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. పేరు యాదగిరి. టన్నెల్‌ని నడిపేది ఆయనే.

"విజయవాడ అన్నవా? రా రా. మేడం చెప్పింది. జర పైలంగ దించు" అని పెట్టెకి రెండో వైపు పట్టాడు.

సొరంగం గోడౌన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా ఉంది. మధ్యలో అద్దాల గది, దాని నేల మీద ఉక్కు కమ్మీ నిలబెట్టి ఉంది. బొమ్మ ఆ కమ్మీ మీదే కూర్చోవాలి. అయితే నా కళ్ళు దాని మీద లేవు. ఒక మూల అసలు కారు ఉంది. ఆ కాలేజీవాళ్ళు కొలతల కోసం వదిలి వెళ్ళారట. కాగితం మీద గీతలుగా తప్ప నేను దాన్ని ఎన్నడూ చూడలేదు.

నిజం చెప్పాలంటే చాలా కురూపి. ముక్కుకి టేపు అతికించారు. రేకుకీ రేకుకీ మధ్య నా చిటికెన వేలు దూరేంత సందులు. తీగలు కట్టిన ప్లాస్టిక్ పట్టీల కొసలు కత్తిరించకుండా వదిలేశారు. టైర్లకి ఎండిన మట్టి. పెట్రోలు వాసన, చెమట వాసన. సీటు పక్కన మార్కరుతో ఎవరో తిట్టు కూడా రాశారు. నా బొమ్మలో ఇవేవీ లేవు. ఇంజను లేదు, గాలి దూరే చోట సన్నటి ఇనుప జాలీ మాత్రం ఉంది. నడిపే మనిషికి బదులు మొహం లేని గుండ్రటి చెక్క తల పెట్టాను.

తొమ్మిదిన్నరకి హారిక వచ్చింది. పెట్టె తెరిచి దుప్పటి తీయగానే రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది.

"అంకుల్! ఇంత బాగా వస్తుందనుకోలేదు!"

"ఏం చేసినవన్నా!" అన్నాడు యాదగిరి. "అద్దం లెక్క ఉన్నది. మొకం జూస్కోవచ్చు."

నేను పొంగిపోయాను. సిగ్గెందుకు, రెండేళ్ళయింది ఒకరు నా పని చూసి నోరు తెరిచి. అయితే ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. హారిక చిన్న సీసా తీసి ముక్కు మీద సన్నని జిగురు గీత గీసి, దాని మీద గరుకు ఇసుక చల్లింది. నాకు ప్రాణం విలవిల్లాడింది. ఆ ముక్కుని నేను నాలుగు రకాల ఉప్పు కాగితంతో పదకొండు రోజులు రుద్దాను.

"ఏంటమ్మా ఇది? ఇసుక చల్లడానికా నేను నున్నగా చేసింది?"

ఆ పిల్ల నవ్వి ఓపిగ్గా చెప్పింది. చెక్క కారుని నాలుగో వంతు చేయొచ్చుగానీ, గాలిని నాలుగో వంతు చేయలేమట. పెద్ద కారు మీద గాలి కాస్త దూరం పారగానే తనంతట తానే చెదిరి సుడి తిరుగుతుంది. చిన్న బొమ్మ మీద అంత దూరమే ఉండదు, అందుకని బుద్ధిగా జారిపోతుంది. రెండూ ఒకేలా ఉండాలంటే గాలిని నాలుగు రెట్లు వేగంగా తోలాలి, అంత శక్తి ఈ ఫ్యానుకి లేదు. అందుకే ముక్కు దగ్గరే ఇసుకతో దాన్ని చెదరగొడతారు.

"నేల సుత అంతేనన్నా" అన్నాడు యాదగిరి. "రోడ్డు మీద కారు ఉరుకుతది, నేల ఆడ్నే ఉంటది. ఈడ కారు ఆగి ఉంటది, గాలి ఉరుకుతది, నేల ఉరుకదు. పెద్ద టన్నెళ్ళల్ల నేలకి సుత బెల్టు తిరుగుతదంట. మన దగ్గర లేదు."

"చక్రాలూ తిరగవా?"

"తిరగవు అంకుల్. ఈ తేడాలన్నీ రాసుకుని, లెక్కలో తీసేస్తాం. ఏవి తేడాలో తెలిస్తే ఇబ్బంది లేదు" అంది హారిక. తర్వాత ఫోను మోగితే బయటికి వెళ్ళింది.

పదీ ముప్పావుకి బొమ్మని కమ్మీ మీదకి ఎత్తాం. పొట్ట కింద నాలుగు రంధ్రాలు నేనే డ్రాయింగు ప్రకారం వేశాను, కమ్మీ కొసన ఉన్న పళ్ళెంలోంచి నాలుగు బోల్టులు వాటిలోకి ఎక్కాలి. ముందు రెండూ ఎక్కాయి. యాదగిరి కింద పడుకుని వెనకవి ఎక్కించబోయి ఆగిపోయాడు.

"అన్నా, కూసుంట లేదు."

"తిప్పి చూడండి."

"తిప్పినా. రెండు మిల్లీమీటర్లు అవుతలికి ఉన్నయి."

దింపి కొలిచాను. ముందు రంధ్రాలకీ వెనక రంధ్రాలకీ మధ్య రెండు వందల మిల్లీమీటర్లు ఉండాలి. రెండు వందల రెండు ఉంది. మళ్ళీ కొలిచాను. ముక్కు నుంచి తోక దాకా కొలిచాను. డెబ్బై రెండు సెంటీమీటర్లకి ఏడు మిల్లీమీటర్లు ఎక్కువ. అప్పుడు అర్థమైంది నాకు.

ఫౌండ్రీ మొహం చూడనివాళ్ళ కోసం ఇక్కడ కాస్త చెప్పాలి. కరిగిన ఇనుము చల్లారితే ముడుచుకుంటుంది. నూటికి ఒక వంతు. అందుకని చెక్క అచ్చుని ఆ వంతు పెద్దగా చేయాలి. ప్రతిదానికీ లెక్క కట్టుకుంటూ కూర్చోకుండా మాకు వేరే స్కేలు ఉంటుంది. దాని మీద పది సెంటీమీటర్లు అని ఉన్నచోట నిజానికి పదీ, ఒక మిల్లీమీటరు ఉంటుంది. మేం పెద్ద స్కేలు అనేవాళ్ళం. చూడ్డానికి మామూలు స్కేలే, మూల మీద చిన్న ముద్ర మాత్రం ఉంటుంది. నా స్కేలు మీద ఆ ముద్ర నా బొటనవేలి కింద ఎప్పుడో అరిగిపోయింది. ముప్పై ఒక్కేళ్ళు నాకు స్కేలంటే అదే. ఈ కారుకీ దాన్నే తీశాను. దీన్ని ఎవరూ ఇసుకలో అదమరనీ, ఇందులోంచి ఇనుమేదీ పుట్టదనీ, చెక్కే చివరిదనీ నా బుర్రకి తెలుసు. చేతికి తెలియలేదు.

"రెండు మిల్లీమీటర్లేనా!" అన్నాడు యాదగిరి. అప్పటికే గుండ్రటి ఆకురాయి తెచ్చేశాడు. "రంధ్రాలు జర సాగదీస్తే ఐదు నిమిషాల పని. మేడం ఫోన్ల ఉన్నది. ఫికర్ జెయ్యకు, ఎవ్వరికి తెల్వదు."

ఆయన మంచికే అన్నాడు. నేనూ ఆకురాయి తీసుకున్నాను. అబద్ధమెందుకు, నాలుగైదు సార్లు గీకాను కూడా. పొడి రాలింది. ఇంకో నిమిషం గీకితే బోల్టు కూర్చుంటుంది, గాలి వీస్తుంది, అంకెలు వస్తాయి, నాకు ఏడాదంతా పని వస్తుంది. ఒక శాతం కంటికి ఎవరికి ఆనుతుంది?

తల తిప్పితే మూల అసలు కారు కనిపించింది. ఇక్కడ వచ్చే అంకెలు చూసుకుని దానికి రెక్కలు బిగిస్తారు. అందులో ఎవరో తల్లి కన్న పిల్లాడు కూర్చుని మలుపులో స్టీరింగు తిప్పుతాడు. టైర్లని గాలి ఇంత నొక్కుతుందని నమ్మి తిప్పుతాడు. ఏవి తేడాలో తెలిస్తే ఇబ్బంది లేదని ఆ పిల్ల ఇప్పుడే అంది. ఈ తేడా ఒక్క నాకే తెలుసు.

ఆకురాయి బల్ల మీద పెట్టేశాను. షట్టరు బయటికి వెళ్ళి హారిక ఫోను పెట్టేదాకా ఎండలో నిలబడ్డాను.

"అమ్మా, తప్పు చేశాను. పెద్ద స్కేలుతో చేశాను" అన్నాను.

ఆ పిల్ల మా ఫౌండ్రీలో నెల రోజులు కూర్చుంది కదా, ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. "అయ్యో అంకుల్" అని నెమ్మదిగా అంది. తిట్టి ఉంటే బాగుండేది.

తర్వాత నలభై నిమిషాలు కొలతలే. నేను పట్టడం, ఆమె రాసుకోవడం. ఒళ్ళంతా ఒకేలా పెరిగింది కాబట్టి ఆకారం చెడలేదు. నిలువూ అడ్డమూ ఒక్కో శాతం పెరిగితే ఎదురు గాలి తగిలే మేర రెండు శాతం పెరుగుతుంది, అది లెక్కలో సరిచేసుకోవచ్చు. చిక్కంతా చక్రాలతో వచ్చింది. వాటిని మా వీధి లేత్ అతను తన పరికరంతో కొలిచి తీశాడు. అవి కచ్చితంగా నాలుగో వంతు. కారు పెద్దది, చక్రాలు సరైనవి. ఈ రెంటికీ పొత్తు కుదరదు.

"పాత రెక్క మంచిదా, కొత్త రెక్క మంచిదా అన్నది చెప్పగలను అంకుల్. రెండిటికీ ఒకే తప్పు ఉంది కాబట్టి తేడా తెలుస్తుంది. అసలు కారు మీద ఇంత బలం పడుతుందని మాత్రం అంకె ఇవ్వలేను. ఇది రిపోర్టులో రాయాలి. మా కంపెనీ సార్‌కి కూడా చెప్పాలి" అంది.

"రాయమ్మా" అన్నాను.

ఆ రంధ్రాల్ని ఆ తర్వాత ఆమె ముందే సాగదీశాను. ఒకటింబావుకి భోజనం. నాకు ఆకలి లేదు. యాదగిరి తన డబ్బా మూత తిప్పి అందులో జొన్నరొట్టె, తోటకూర పెట్టి నా ముందుకి జరిపాడు.

"తినన్నా. చెప్పకుంటే అయిపోతుండె గద."

"అయిపోయేది."

"మరెందుకు చెప్పినవ్?"

"రొట్టె బాగుంది" అన్నాను. ఆయన ఇంకోటి పెట్టాడు. ఈ ప్రయాణం మొత్తం మీద ఒక మనిషితో కలిసి తిన్నది ఆ ఒక్కపూటే.

రెండుంబావుకి ఫ్యాను వేశారు. మొదట గురక, తర్వాత హోరు, తర్వాత మాట వినపడని మోత. బొమ్మ ఒంటి నిండా హారిక అంగుళం పొడుగు ఊలు దారాలు అతికించింది. అవన్నీ ఒక్కసారిగా లేచి వెనక్కి పడుకున్నాయి. ముక్కు మీద తిన్నగా, పక్కల కొంచెం వాలుగా, చెక్క తల వెనక మాత్రం పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి. యాదగిరి సన్నటి గొట్టంలోంచి పొగ వదిలాడు. ఆ పొగ ముక్కు దగ్గర రెండుగా చీలి, పక్క చెక్కని తాకీ తాకనట్టు జారి, రెక్క కింద నుంచి పైకి లేచింది. ఏ వంపుని తీర్చడానికి నాకు వారం పట్టిందో సరిగ్గా ఆ వంపు మీద పొగ ఒక్క చోట కూడా తొట్రుపడలేదు.

అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ ఉండిపోయాను. నేను చేసిన అచ్చులన్నీ ఇసుకలోకి వెళ్ళి, తర్వాత గోడౌన్ అటక మీదకి వెళ్ళినవే. పోసిన పంపు ఏ పొలంలో నీళ్ళు తోడిందో, ఆ వాల్వు ఏ గొట్టంలో తిరిగిందో చూసిన పాపాన పోలేదు. నా చేతి పని తన పని తాను చేయడం చూడటం నాకు అదే మొదలు. కళ్ళు చెమర్చాయి. ఫ్యాను గాలి అద్దం ఇవతలికి రాదు కాబట్టి దాని మీదకి నెట్టడానికి లేదు. యాదగిరి చూసి చూడనట్టు ఊరుకున్నాడు.

రెక్క మార్చి ఇంకోసారి గాలి తోలారు. కొత్త రెక్కే నెగ్గింది. మూడుంబావుకి ఫ్యాను ఆపారు. ఆ నిశ్శబ్దంలో హారిక నా పక్కకి వచ్చి కూర్చుంది.

"సార్‌తో మాట్లాడాను అంకుల్. ఇక నుంచి మోడల్స్ అన్నీ మిషన్ మీదే అన్నారు."

"నేనడగలేదు కదమ్మా."

"మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలియకపోతే?"

"ఈ వారమే రెండో ఆర్డరు మీకు పంపేదాన్ని" అంది.

చెప్పినందుకు బాధ లేదని రాస్తే అబద్ధమవుతుంది. ఒక శాతం! మనిషి వెంట్రుకకి నాలుగైదు రెట్లు మందం కూడా ఉండని తప్పులు దిద్దుతూ ముప్పై ఏళ్ళు గడిపినవాణ్ణి, ఏడు మిల్లీమీటర్లు చూసుకోలేకపోయాను. హారిక మీద కోపం లేదు. వాళ్ళ సార్ మీదా లేదు, ఆ కుర్చీలో నేనున్నా అదే మాట అనేవాణ్ణి. బొమ్మ మాత్రం వాళ్ళ దగ్గరే ఉంచుకుంటామన్నారు. పెట్టె కూడా వదిలేశాను. యాదగిరి సందు చివరిదాకా వచ్చి, "మల్లొచ్చినప్పుడు కలువన్నా" అన్నాడు. మళ్ళీ రావడమన్నది లేదని ఇద్దరికీ తెలుసు.

మూడు నలభైకి పంజాగుట్టలో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారాను. చేతులు ఖాళీ, నన్ను ఎవరూ ఆపలేదు. దారి మారేచోట జనం తోసుకుంటూ నన్ను మెట్ల మీదకి, మెట్ల మీంచి రైల్లోకి తీసుకుపోయారు. నాలుగూ యాభైకి సికింద్రాబాదులో విజయవాడ రైలు. ఈసారి కిటికీ సీటు దొరికింది.

బొమ్మకీ అసలు కారుకీ తేడా ఏమిటని మీలో ఎవరైనా అడిగితే, ఇంజనూ చక్రాలూ అని చెప్పను. అసలు కారుకి సందు ఉంటే టేపు వేస్తారు, మట్టి అంటితే కడుగుతారు, దారిలో పడి నేర్చుకుంటుంది. బొమ్మకి ఆ వెసులుబాటు లేదు. అందులో తప్పు ఉంటే తప్పే. ఇక ఊరి సంగతంటారా, అమీర్‌పేట లాడ్జిలో దుప్పటి బాగుంది, మెస్సులో పప్పు బాగుంది, పంజాగుట్టకి వెళ్ళాలంటే ఆటో కన్నా నడకే త్వరగా తీసుకెళ్తుంది. మనిషి తోడుంటే రెండు రోజులకి సరిపడా ఊరే.

కాజీపేట దాటాక పక్క సీటాయన చెరో టీ తీసుకుందామన్నాడు. నా వయసువాడే, బ్యాంకులో పనిచేసి దిగిపోయాడట. గ్లాసు అందిస్తూ నా చేతుల మీద కాయలు చూసి, "ఏం చేస్తుంటారండీ తమరు?" అన్నాడు.

"ప్యాటర్న్ మేకర్‌గా చేసేవాణ్ణండీ" అన్నాను.

"ఓహో, రిటైరయ్యారన్నమాట. ఎన్నాళ్ళయింది?"

"ఇవాళేనండీ."